సొరకాయకు మర్లపాట

మెదక్,
7 జూలై 2024

సలోమికి,

అత్తమ్మ, మామ ఇద్దరూ నీ పేరు తలచుకొని ప్రార్థన చేసి రాస్తున్న ఉత్తరం. ప్రార్థన నేను చేశాను, మీ మామ దగ్గాడు.

నువ్వు పుణె చేరావని, హాస్టల్లో కిటికీ ఉన్న గది దొరికిందని మీ నాన్న అల్లాదుర్గ్ నుంచి వచ్చినప్పుడు నా చెవిలో అరిచి చెప్పాడు. తమ్ముడు యోసేపు అరిస్తే నాకు సగం వినబడుతుంది, మా సందుకు పూర్తిగా వినబడుతుంది. చెవులు పోయిన దగ్గరనుంచి ఫోను నాకు దండగ. అందులో వేలితో కొట్టి పంపమని అందరూ అంటారు. ఇన్నేళ్ళు బడి పిల్లలకు చేతిరాత దిద్దించినదాన్ని, ఇప్పుడు వేలు ఆడించలేను. ఉత్తరమే రాయి. వచ్చింది వచ్చినట్టు మీ మామకు పైకి చదివి వినిపిస్తాను. ఆయనకు దగ్గరి చూపు ఆనదు, నాకు చెవులు ఆనవు. ఆయన చెప్పాలనుకున్నది నా పాత బడి పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తాడు. మునుపు ఆయన గొంతు ఒక్కటే నా చెవికి ఎక్కేది. ఇప్పుడు అంత ఊపిరి లేదు.

ఆయన ఒంట్లో సంగతి అడుగుతావు కాబట్టి రాస్తున్నాను. షాబాదు బండలు కోసి కోసి మెదక్‌లో సగం ఇళ్ళకు నేల పరిచిన మనిషి కదా, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో కూర్చుంది. బిళ్ళలు వేసుకుంటే జబ్బు తగ్గదు, ఉన్నచోట ఆగుతుంది. మానేస్తే ముందుకు పోతుంది. డాక్టరు చెప్పింది అంతే. మా చర్చి పెద్ద జయానందం గారు నెలనెలా ఆ బిళ్ళలు హైదరాబాద్ నుంచి తెప్పించి, చర్చి మందుల ఫండు అని చెప్పి ఇచ్చి పోతారు. అవి వస్తున్నాయి కాబట్టి మనిషి పొద్దున్నే పెరట్లో సొర పందిరి దాకా నడుస్తున్నాడు.

ఇక నీ చదువు. పలక మీద ఆయన ప్రశ్న ఇది: "డాక్టర్ సదువైతే మందిస్తది. ఇంజనీర్ సదువైతే చెరువుకు తూము పెడ్తది. గీ పిల్ల సదివేది ఏం జేస్తదో అడుగు." నాకూ తెలియదు. డిగ్రీలో లెక్కలు చదివావు, లెక్కల టీచరువి అవుతావనుకున్నాం. ఈ అర్థశాస్త్రం శాస్త్రమా, బేరమా? ఐదో తరగతి పిల్లకు చెప్పినట్టు చెప్పు.

వేళకు తిను.

అత్తమ్మ ఎలిశిబా

*

పుణె,
21 జూలై 2024

అత్తమ్మకు, సొలొమోను మామకు వందనాలు.

నీ చేతిరాత చూడగానే నీ ఇంట్లో ఉండి బడికి పోయిన రోజులు గుర్తొచ్చాయి. వెన్ను నిటారుగా పెట్టుకొని రాస్తున్నాను, భయపడకు.

మామా, మా శాస్త్రం మందు ఇవ్వదు, తూము పెట్టదు. అది అడిగేది ఒకటే. మనిషికి కావలసినవి ఎన్నో, ఉన్నవి కొన్నే. అప్పుడు దేన్ని పట్టుకుంటాడు, దేన్ని వదిలేస్తాడు? కొరత, ఎంపిక అని రెండు మాటలు నేర్చుకుంటే మా మొదటి పుస్తకం సగం అయిపోయినట్టే.

అత్తమ్మా, మధ్యాహ్నం నువ్వు నాకు ఉత్తరం రాస్తూ కూర్చున్నావు కదా, ఆ గంటలో తీయవలసిన కునుకు పోయింది. నీ ఉత్తరం ఖరీదు స్టాంపు కాదు, ఆ కునుకు. ఒకటి ఎంచుకున్నందుకు చేజారిన రెండోదాన్ని మేము అవకాశ వ్యయం అంటాం. మామ పొద్దున తాగే మొదటి చాయ్ ప్రాణం లేచి వచ్చినట్టు ఉంటుంది. రెండోది బాగుంటుంది. మూడోది ఊరికే చేతిలో గ్లాసు ఉండాలని తాగుతాడు. చాయ్ అదే, రుచి అదే, కాని అదనంగా వచ్చిన దాని వల్ల కలిగే ప్రయోజనం తగ్గుతూ పోతుంది. దాని పేరు ఉపాంత ప్రయోజనం.

శాస్త్రమా బేరమా అన్నావు. ఇక్కడా అదే పోట్లాట. గణితం నుంచి భాష తెచ్చుకున్నాం. భౌతికశాస్త్రం నుంచి సమతౌల్యం అనే మాట తెచ్చుకున్నాం. మనిషి ఎందుకు అలా చేశాడంటే మనస్తత్వశాస్త్రం తలుపు తట్టాలి, ఊరంతా ఎందుకు అలా చేసిందంటే సమాజశాస్త్రం తలుపు తట్టాలి. భౌతికశాస్త్రం వాళ్ళు గొట్టంలో గాలి తీసేసి ఈకనూ రాయినీ ఒకేసారి కిందపడేసి చూపిస్తారు. మాకు గాలి తీసేసే వీలు లేదు. అందుకని "ఇతర పరిస్థితులు మారనంత వరకు" అని ముందే ఒక మాట వేసుకొని మాట్లాడతాం. మారకుండా ఎప్పుడూ ఉండవు.

ఒక సాయం కావాలి. ఎవరి ఊళ్ళో ఉన్న ఒక ఆచారాన్ని వాళ్ళు తీసుకొని అర్థశాస్త్రం కళ్ళతో చూసి వ్యాసం రాయమన్నారు. నాకు మన చర్చి కోత పండుగ వేలం గుర్తొచ్చింది. చిన్నప్పుడు నా ధ్యాసంతా చెరుకు ముక్క మీదే ఉండేది, పాట సరిగ్గా చూడలేదు. అది ఎలా నడుస్తుందో వివరంగా రాయి.

మీ
సలోమి

*

మెదక్,
11 ఆగస్టు 2024

సలోమికి,

నువ్వు రాసింది చదివి వినిపించిన దగ్గరనుంచి మీ మామ మూడో చాయ్ మానేశాడు. ఇచ్చిన గ్లాసు పక్కకు జరిపి, పలక మీద "ఉపాంతం" అని రాసి చూపించాడు. గుడ్లమ్మే ఫేబ వస్తే ఆమెకూ అదే చూపించాడు. ఆమె ఏమో మందు పేరనుకొని, "గది ఏ దుకాన్ల దొరుకుతదమ్మా" అని నా చెవిలో అరిచింది.

నా కునుకు పోయిందని బాధపడకు. నీకు రాయడం నాకు ఖర్చు అనిపిస్తుందని ఎందుకు అనుకున్నావో. ఇంకోసారి అట్లా రాయకు.

వేలం సంగతి. పెద్ద చర్చిలో పండుగ వైభవం వేరు. నేను మన చిన్న చర్చి గురించే రాస్తాను. నవంబరులో పండుగ ఆరాధన అయ్యాక ఎవరి చేనులో, పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. మక్క కంకులు, గుమ్మడి, కోడి, గుడ్లు. ఒక్కొక్కటీ వేలం పాడతారు. వచ్చింది దేవునికి. చివర్న ఒక వస్తువు మిగులుతుంది. అది ఆ ఏడు ఎవరి ఇంట్లో కష్టం ఉందో వాళ్ళు తెచ్చిన వస్తువు. ఏది చివరికి ఉంచాలో జయానందం గారు చూసుకుంటారు, పైకి చెప్పరు. పాడి గెలిచినవాడు డబ్బు కడతాడు కాని దాన్ని ఇంటికి తీసుకుపోడు, మళ్ళీ బల్ల మీద పెడతాడు. మళ్ళీ పాట. ఇంకొకడు గెలుస్తాడు, పెడతాడు. దీన్ని మర్లపాట అంటాం. దాని మీద వచ్చింది ఆ ఇంటికి ఏదో ఒక పేరుతో చేరుతుంది.

ఇన్నేళ్ళు ఆ పాట పాడించింది మీ మామే. బండ కోసే మిషను పక్కన నిలబడి మాట్లాడిన గొంతు కదా, మైకు అవసరం లేకపోయేది. ఫేబ భర్త పోయిన ఏడు ఆమె బుట్టెడు గుడ్లు మర్లపాటకు వచ్చాయి. "గీ గుడ్లు మామూలు గుడ్లు గావు, పొదిగితే నెమళ్ళు లేస్తయి, పాడుండ్రి" అని మీ మామ అంటే నవ్వులే నవ్వులు. ఫేబ కూడా నవ్వింది. గుడ్లు ఆ రోజు ఎన్నిసార్లు బల్ల మీదికి వచ్చాయో ఎవరూ పట్టించుకోలేదు.

పోయినేడు మర్లపాటకు వచ్చింది మీ మామ సొరకాయ. పాడించింది వేరేవాళ్ళు. ఫేబ కూడా పాడింది. ఆ తరువాతే బిళ్ళలు మొదలయ్యాయి.

నీకు కావలసినంత రాశాననుకుంటాను. ఈ ఏడు సొర పాదుకు ఇప్పుడే పిందె పడింది. మీ మామ దానికి కింద గుడ్డ కట్టి ఊయల వేశాడు.

అత్తమ్మ

*

పుణె,
1 సెప్టెంబర్ 2024

అత్తమ్మకు, మామకు,

నీ ఉత్తరం చదివి ఆ సాయంత్రమంతా ఒక్కచోట కూర్చోలేకపోయాను. ఇంత గొప్ప సంగతి మన ఇంట్లో ఉంటే నేను పుస్తకాల్లో వెతుకుతున్నాను.

ఈ ఉత్తరం మామ కోసం. మామా, ధర అంటే వస్తువు ఎంత కొరతగా ఉంది, ఎంతమందికి కావాలి అని చెప్పే గుర్తు అని మాకు నేర్పుతారు. నీ సొరకాయకు ఆ రోజు పలికిన ధర ఆ లెక్కకు లొంగదు. అంగడిలో అలాంటి కాయలు గంపల్లో ఉన్నాయి. మరి తెలివైనవాళ్ళు ఒక కాయకు అంత ఎందుకు పాడారు? భక్తి అంటే సరిపోదు, భక్తికి హుండీ ఉంది. నేను కనిపెట్టింది చెబుతాను. అది వేలమే కాదు. అది బీమా. ఈ ఏడు నా ఇంట్లో కష్టం లేదు కాబట్టి నేను పాడతాను, రేపు నాకు కష్టం వస్తే నువ్వు పాడతావు. కాగితం లేదు, ఆఫీసు లేదు. కాయ ఒక సాకు. దాని ధరలో కాయది పిడికెడు, మిగతాదంతా నీ బిళ్ళలు. చర్చి మందుల ఫండు అనేది వేరే ఎక్కడా లేదు, అది ఫేబ, జయానందం గారు, ఆ వరుసలో కూర్చున్న వాళ్ళందరూ.

నిన్ను మించిన ఉదాహరణ నాకు దొరకదు. ఇన్నేళ్ళు నువ్వు పాడించి, నువ్వే పాడి కట్టావు. ఇప్పుడు నీ వంతు తీసుకుంటున్నావు. ఎవరి దయా కాదిది, హక్కు. మీరందరూ శాస్త్రం చదవకుండానే శాస్త్రం నడిపారు.

వ్యాసం రాస్తున్నాను. పూర్తవగానే ఒక ప్రతి పంపుతాను.

మీ
సలోమి

*

మెదక్,
15 సెప్టెంబర్ 2024

సలోమికి,

నీ ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ ఇవ్వగానే అరుగు మీద కూర్చొని అట్లనే చదివి వినిపించాను. మధ్యలో మీ మామ లేచి పందిరి దాకా పోయి వచ్చాడు. చదవడం ఆపమని చెయ్యి ఊపాడేమో నేను చూడలేదు. కాగితం మీద చూపు పెడితే నాకు లోకం కనబడదు. అయిపోయాక ఎట్లా ఉందని అడిగితే పలక మీద "మంచిగుంది" అని రాశాడు. పెద్ద మాటలు ఎక్కువయ్యాయి, అలసిపోయాడనుకుంటాను.

నా మటుకు నాకు బీమా అన్న మాట నచ్చలేదు. నచ్చలేదని ఊరికే రాస్తున్నాను, నువ్వు చదువుకున్నదానివి.

వానలు బాగా పడ్డాయి. కాయ చేతికి పట్టనంత అయింది. రెండు రోజుల నుంచి ఆయన అటు పోవడం లేదు, నేనే చూసుకుంటున్నాను.

అత్తమ్మ

*

పుణె,
29 సెప్టెంబర్ 2024

అత్తమ్మా, మామా,

సంతోషంగా రాస్తున్నాను. మా ప్రొఫెసర్ నా వ్యాసం క్లాసులో చదివించారు. అర్థశాస్త్రం, సమాజశాస్త్రం కలిసే చోట నిలబడి రాశావు అన్నారు. ఇంకా పెంచి సెమినార్‌లో చదవమన్నారు.

అందుకు మామ దగ్గర కొన్ని జవాబులు కావాలి, అడిగి రాయి. బిళ్ళల కోసమే పాడుతున్నామని పైకి చెప్పి పాడితే ఇంకా ఎక్కువ పాడేవారా, తక్కువా? తన కాయ చివరికి మిగిలినప్పుడు మామకు ఏమనిపించింది? లోపల నవ్వుకున్నాడా? పాడించే మనిషి కాబట్టి ఆయనకు ముందే తెలిసి ఉంటుంది కదా.

బీమా అన్న మాట నీకు ఎందుకు నచ్చలేదో రాయి. అది కూడా వ్యాసంలో పెడతాను.

మీ
సలోమి

*

మెదక్,
13 అక్టోబర్ 2024

సలోమీ,

నీ ప్రశ్నలు ఆయనకు చదివి వినిపించలేదు. ఇది కూడా ఆయన పడుకున్నాక రాస్తున్నాను.

మీ మామ బిళ్ళలు మానేశాడు. ఈ నెల జయానందం గారు తెచ్చి ఇస్తే చేతులు కట్టుకొని కూర్చున్నాడు. నేను తీసుకొని నీళ్ళతో ఇస్తే, "ఎవలవి" అని పలక మీద రాశాడు. మందుల ఫండువి అన్నాను. తుడిచి మళ్ళీ రాశాడు. "ఫేబ ఎంతకు పాడింది?" ఆమె పొద్దున్నే బుట్ట నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి గుడ్లమ్ముతుంది. ఎంతకు పాడిందో నాకు తెలుసు, ఆయనకు చెప్పలేను.

తరువాత ఆయన రాసింది ఉన్నదున్నట్టు నీకు రాస్తాను. "మందికి పాడిచ్చిన. గది వాళ్ళ కష్టానికని నాకు ఎర్కనే. నా కాయ మంచిగుంటదని పాడిండ్రనుకున్న."

చదివావా? ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు చెబుతాను. ఆయనకు తెలుసా అంటే తెలుసు. మూర్ఖుడు కాదు. తెలిసి కూడా తెలియనట్టు ఉండడానికి ఆయనకు ఒక చోటు ఉండేది. కాయ బాగుంది అనుకునే చోటు. అందరం ఆ చోటును ఆయనకు వదిలిపెట్టాం. ఫేబ గుడ్లకు నెమళ్ళు లేస్తాయని ఆయన ఎందుకు అన్నాడనుకున్నావు? నవ్వించడానికి కాదు, ఆమెకు ఆ చోటు ఇవ్వడానికి. నువ్వు వచ్చి దీపం పట్టి, ఇదిగో ఇక్కడ ఏమీ లేదు చూడండి అన్నావు.

హక్కు అన్నావు, దయ కాదు అన్నావు. నీ మనసు నాకు తెలుసు. ఆయన చెవికి మాత్రం ఒక్కటే చేరింది. కాయది పిడికెడు, మిగతాది బిళ్ళలు. పందిరి కిందికి పోయి ఊయల విప్పేశాడు. కాయ నేల మీద పడి ఉంది.

నా తప్పు లేదని అనను. ఉత్తరం ముందు నేను చూసుకొని చదవాల్సింది. నా గొంతు నాకు వినబడదు కాబట్టి ఎంత గట్టిగా చదివానో తెలియదు. నువ్వు రాసింది ఆ రోజు సందులో అందరూ విన్నారట. మన దగ్గర ఇది పైకి అనకూడదని ఎవరికీ చెప్పే పని లేదు, అందుకే నీకు రాయలేదు. మా ఇంట్లో పెరిగినదానివి, నీకు తెలియదని నాకు తట్టలేదు.

నీకు చేతనైతే ఏదైనా చెయ్యి. ఆ బిళ్ళలు ఆగితే ఆయన ఆగడు.

ఎలిశిబా

*

పుణె,
20 అక్టోబర్ 2024

అత్తమ్మా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే చదువుకో.

నా స్కాలర్‌షిప్‌లోంచి నాన్నకు పంపాను, బిళ్ళలు నాన్న కొని తెస్తాడు. చర్చివి కాదు, నేను కొన్నవని చెప్పు. నీ తమ్ముడి బిడ్డ ఇస్తే తీసుకోవడంలో ఏముందని చెప్పు. జయానందం గారికి కూడా రాశాను. మామ పేరు మీద పెద్ద చర్చి నుంచి పింఛను లాంటిది మంజూరైందని ఆయన చేత చెప్పించమని బతిమాలాను. సెమినార్‌కు పేరు వెనక్కి తీసుకున్నాను.

నేను గౌరవం అనుకొని రాశాను. బీమా అంటే తలెత్తుకొని తీసుకుంటాడని అనుకున్నాను. తర్కంలో నాకు ఇప్పటికీ తప్పు దొరకడం లేదు, అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. ప్రొఫెసర్ దగ్గరికి పోయి అడిగాను. ఆయన నా వ్యాసం తీసి మళ్ళీ ఒకసారి చదివారు. తరువాత, రాయి కిందికి పడుతుందని భౌతికశాస్త్రం రాస్తే రాయి దాన్ని చదవదు, మనం ఎవరి గురించి రాస్తామో వాళ్ళు చదువుతారు, చదివాక వాళ్ళు మునుపటి మనుషులు కారు అన్నారు. మిగతా శాస్త్రాలకూ మనకూ ఉన్న తేడా అదేనట. మొదటి రోజే ఇది ఎందుకు చెప్పలేదని అడగాలనిపించింది. చెప్పినా నాకు ఎక్కేది కాదేమో.

నన్ను తిట్టు. మామను మాత్రం ఎలాగైనా ఒప్పించు. మీ కాళ్ళు పట్టుకుంటాను, బిళ్ళ వేసుకోమని చెప్పు.

సలోమి

*

మెదక్,
24 నవంబర్ 2024

సలోమీ,

రాయడం ఆలస్యమైంది. రాసేందుకు మంచి మాట ఒకటి దొరుకుతుందేమోనని చూశాను.

మీ నాన్న తెచ్చిన బిళ్ళలు మీ మామ చేతిలోకి తీసుకున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. తరువాత పలక అడిగాడు. "పిల్ల ఏం ఇడిసిపెట్టి కొన్నది?" అని రాశాడు. నువ్వు నేర్పిన పాఠమే. ఒకటి ఎంచుకుంటే ఇంకొకటి చేజారుతుందని రాశావు కదా, ఆయన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. నువ్వు మెస్సులో ఒక పూట తినడం లేదని మీ నాన్న నోరు జారాడు. బిళ్ళల పెట్టె మూత తీయలేదు.

నువ్వు చెప్పమన్న అబద్ధం జయానందం గారికి చెప్పడం రాలేదు. "సొలొమోనన్నా, నీకు పింఛన్ మంజూరైంది" అని నా ముందే గట్టిగా అన్నారు, అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మీ మామ ఆయన భుజం తట్టి కూర్చోబెట్టి చాయ్ ఇమ్మన్నాడు. "పరేషాన్ గాకు" అని రాశాడు. కోపం ఉంటే నేను పోట్లాడేదాన్ని. ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. నీ మీద కూడా లేదు. మనిషి సిగ్గుతో చచ్చిపోతున్నాడు, దానితో నేను ఎట్లా పోట్లాడాలి?

పోయిన ఆదివారం కోత పండుగ అయింది. ఆయన రాలేదు, సొరకాయ పంపలేదు. నేను పోయాను. ఈ ఏడు కష్టం ఆటో నడిపే మదన్ మోహన్‌ది. కాలు విరిగి నెలల నుంచి మంచం మీద ఉన్నాడు. అతని మక్క కంకుల గంప చివరికి మిగిలింది. మొదటి పాట అయింది. గెలిచినవాడు గంపను మళ్ళీ బల్ల మీద పెట్టాడు. అప్పుడు అందరూ తలలు తిప్పి మదన్ మోహన్‌ను చూశారు. ఎప్పుడూ అట్లా చూడరు, గంపనే చూస్తారు. అతను కర్ర ఆనించుకొని లేచాడు. నాకు వినబడలేదు, పక్కన ఉన్న ఫేబ చెవిలో చెప్పింది. "నాకద్దు, నేను అడుక్కునెటోణ్ణి గాదు" అన్నాడట. గంప తీసుకొని పెళ్ళాం భుజం పట్టుకొని నడిచిపోయాడు. రెండో పాట ఎవరూ మొదలుపెట్టలేదు. పాస్టరు గారు ఆశీర్వాదం చెప్పేశారు.

బీమా అన్న మాట సందులో పిల్లలకు కూడా వచ్చేసింది.

డాక్టరు నిన్న చూసి ఆక్సిజన్ పెట్టుకోవాలన్నాడు. మిషను కిరాయికి దొరుకుతుందట. మీ మామ వద్దని తల ఊపాడు. పోట్లాడి తెప్పించాను, నా గొలుసు తీసి. నా గొలుసు నా ఇష్టం.

వీలైతే క్రిస్మస్ దాకా ఆగకుండా రా.

అత్తమ్మ

*

పుణె,
3 డిసెంబర్ 2024

అత్తమ్మా,

టికెట్ దొరికింది, వారంలో వస్తాను. మామకు చెప్పకు, ఎదురు చూస్తూ కూర్చుంటే ఆయాసం పెరుగుతుంది.

వచ్చి ఆయనకు ఏం చెప్పాలో తెలియడం లేదు. నేను రాసింది తప్పు మామా అంటే నమ్ముతాడా? సొరకాయ బాగుందనే పాడారు, నేను తెలియక ఏదో రాశాను అందామనుకుంటున్నాను. రాత్రంతా ఆ ఒక్క వాక్యం పలికి చూసుకుంటున్నాను. జయానందం గారిలా ఏడ్చేస్తానేమో.

చదువు మానేస్తానని నాన్నకు చెప్పాను. నాన్న కోప్పడ్డాడు. నువ్వేమంటావో చెప్పు, నువ్వు అన్నట్టు చేస్తాను.

సలోమి

*

మెదక్,
26 జనవరి 2025

సలోమికి,

నువ్వు వెళ్ళిన దగ్గరనుంచి ఇల్లు సర్దుతూనే ఉన్నాను. నువ్వు వచ్చావు, ఆయన చెయ్యి పట్టుకున్నావు, ఆ వాక్యం చెప్పావు. ఆయన నీ తల నిమిరాడు. నమ్మాడా అని నువ్వు స్టేషన్‌కు పోయేటప్పుడు అడిగావు, నేను వినబడనట్టు ఉన్నాను. వినబడింది. నమ్మలేదు. నువ్వు బాధపడతావని నమ్మినట్టు ఉన్నాడు. అట్లా ఉండడం ఆయనకు బాగా వచ్చు.

సమాధి మీద పేరు చెక్కించే పని మీ నాన్న చూసుకుంటున్నాడు.

చదువు మానవద్దు. నువ్వు రాసింది తప్పైతే మానమనేదాన్ని. తప్పు రాసిన పిల్లలను నేను చాలామందిని చూశాను, ఎర్ర సిరాతో దిద్దితే అయిపోతుంది. నువ్వు రాసిన దాంట్లో దిద్దడానికి నాకు ఒక్క అక్షరం దొరకలేదు. అదే నా దుఃఖం. నిన్ను క్షమించానా అని నన్ను అడగకు. నువ్వు నా పెంపకం, నీ మీద నాకు ప్రేమ ఉంది. ఆయన నా పక్కన లేడు. ఈ రెండూ నాలో ఉన్నాయి, ఒకటి రెండోదాన్ని తగ్గించడం లేదు.

నాకు జరిగింది చెబుతాను. నేను బాగున్నానని నువ్వు అనుకోకూడదు.

చావు ఇంట్లో పొయ్యి వెలగకూడదని సందులోవాళ్ళు వంతులవారీగా అన్నం తెచ్చారు. మా దగ్గర ఎప్పుడూ ఉన్నదే, నేనూ ఎందరికో పంపాను. ఈసారి తెచ్చిన గిన్నె చూస్తే నాకు కూర కనబడలేదు. వీళ్ళ ఇంట్లో ఎవరు తినకుండా ఉంటే ఇది నా దగ్గరికి వచ్చింది, దేనికి బదులుగా వచ్చింది, రేపు నేను ఏమివ్వాలి అని కనబడింది. వద్దనుకున్నా కనబడుతోంది. ప్రార్థనలో కూర్చుంటే కూడా ఎవరు నా కోసం ఎంతసేపు మోకరించారో చూస్తున్నాను. నాకు ఇంత వయసులో వచ్చిన ఈ చూపును ఎక్కడ తీసి పారేయాలో తెలియడం లేదు.

ఫేబ మొన్న కోడిగుడ్ల పులుసు తెచ్చింది. "అక్కా, జర తిను" అని నా చెవి దగ్గర అరిచింది. నేను ఆమె చేతులు చూశాను. మూత తీయకుండానే గిన్నె ఆమె చేతిలో పెట్టి, ఆకలి లేదన్నాను. ఆమె గిన్నె కొంగు కింద పెట్టుకొని వెళ్ళింది. నిన్న రాలేదు, ఇవాళ కూడా రాలేదు.

అత్తమ్మ